కుర్చీ వచ్చింది, తాళాలు రాలేదు

మా నాయన పేరు చివర 'గాడు' లేకుండా పిలిచిన ఊరి మనిషిని నేను ఇంటర్మీడియట్‌కి వచ్చేదాకా చూళ్ళేదు. నా పేరు చివర 'సారు' చేరింది ఇరవై నాలుగో ఏట. 2012 డీఎస్సీలో సెకండరీ గ్రేడ్ టీచరు ఉద్యోగమొచ్చింది. మా ఇంట్లోనే కాదు, మా మాదిగపల్లెలో మా వరసంతటికీ మొదటి డిగ్రీ నాదే. ఉద్యోగంలో చేరాక మొదటి సంక్రాంతికి ఇంటికెళ్ళాను. నాయనా నేనూ ఒకే నులకమంచం మీద కూర్చుని ఉన్నాం. నాయన పాతికేళ్ళు జీతమున్న ఆసామి వాకిట్లోకొచ్చి, "ఏరా, సారున్నాడంటనే?" అని నాయన్నే అడిగాడు. నాయన దిగ్గున లేచి, "ఉన్నాడయ్యా" అన్నాడు. నేను కూర్చునే ఉన్నాను. లేస్తే నాయనకి తోడు నిలబడ్డట్టా, ఆసామికి లేచినట్టా? కూర్చుంటే ఆసామిని లెక్కచెయ్యనట్టా, నాయన్ని లెక్కచెయ్యనట్టా? ఆయనొచ్చింది మనవడి టీసీలో పుట్టిన తేదీ దిద్దించే పని మీద. మండలాఫీసులో నా మాట చెల్లుద్దని ఆయన నమ్మకం. అధికారమంటే ఎట్లా ఉంటదో నాకు మొదట తగిలింది ఆ మంచం మీదే. వచ్చినట్టే ఉంది. ఏ చేత్తో పట్టుకోవాలో ఎవరూ నేర్పలేదు.

ఈ నేర్పకపోవడం గురించే నా ఫిర్యాదు. ఊరి మీద ఫిర్యాదు ఎట్లాగూ ఉంది. ఈ వ్యాసంలో ఫిర్యాదు మన మీద, మన పుస్తకాల మీద, అన్నిటికన్నా ముందు నా మీద.

మన ఆత్మకథలు తీసుకోండి. పల్లె, ఆకలి, బళ్ళో వెనక బెంచీ, హాస్టల్లో పురుగులన్నం, స్కాలర్‌షిప్పు కోసం తిరుగుడు, డిగ్రీ. ఒక్కో పేజీ చదువుతుంటే నా ఒళ్ళే నేను చదువుకున్నట్టుంటది. ఉద్యోగం ఆర్డరు చేతికొస్తది. అమ్మ ఏడుస్తది. అక్కడికి పుస్తకం అయిపోతది. ఆ తర్వాత ముప్పయ్యేళ్ళు ఆ మనిషి ఏ కుర్చీలో కూర్చున్నాడు, ఏ కాయితం మీద సంతకం పెట్టాడు, ఏ కాయితం మీద పెట్టకుండా తప్పించుకున్నాడు, ఎవరితో టీ తాగాడు? ఇవి రాసినవాళ్ళు తక్కువ. అసలు లేరని అనను. నాలాంటి వాడికి చెయ్యి పట్టుకుని చూపేటన్ని లేవు అంటున్నాను. బాధని రాయటానికి మనకి భాష దొరికింది. చేతికొచ్చిన అధికారాన్ని రాయటానికి ఇంకా సిగ్గుపడుతున్నాం. ఎందుకంటే అందులో మనం బాధితులుగా మాత్రమే ఉండం.

బోయి భీమన్న 'పాలేరు' నాటకం మా నాయన చిన్నప్పుడు చూశాడు. పాలేరు కుర్రాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరవుతాడు. ఆ నాటకం చూసి పిల్లల్ని బడికి తోలిన తండ్రులు కోస్తా జిల్లాల్లో చాలామంది. నన్ను తోలిన చెయ్యి కూడా అదే. కాబట్టి భీమన్న మీద నాకు కోపం లేదు, అప్పు ఉంది. కానీ నేను మేష్టరయ్యాక ఆ నాటకాన్ని మళ్ళీ తలుచుకుంటే ఒక అనుమానమొచ్చింది. పాలేరు డిప్యూటీ కలెక్టరు కావటం నాటకానికి శిఖరం. సరే, మర్నాడు ఆయన ఆఫీసుకెళ్తాడు కదా. హెడ్ గుమాస్తా ఫైలు ఎట్లా అందిస్తాడు? చేతికా, బల్ల మీదకి గిరాటేస్తాడా? బంట్రోతు మంచినీళ్ళిస్తాడా? తాసీల్దారు ఏ సంగతి ఈయనకి చెప్తాడు, ఏ సంగతి దాచిపెడతాడు? ఆ రోజుల్లో పల్లె మనిషిని కుర్చీ దాకా నడిపించటమే పెద్ద విప్లవం, ఒప్పుకుంటాను. ఆ కుర్చీ వచ్చి మాకు రెండు తరాలయింది. ఇంకా అదే సీను దగ్గర చప్పట్లు కొడుతున్నాం.

ఇక నా సంగతి. నేను చేరిన బళ్ళో నన్నెవరూ ముఖాన తిట్టలేదు. నిజం చెప్పాలి కదా. నవ్వుతూ పలకరించేవాళ్ళు. నా వెనక 'రోస్టర్ సారు' అనుకునేవాళ్ళని ఒక పిల్లాడి ద్వారా తెలిసింది. వాడికి అది నా ఇంటిపేరనుకుని, "రోస్టర్ సారూ" అని పిలిచేశాడు పాపం. ముఖాన తిట్టకపోయినా వాళ్ళు చేసిందేమిటంటే, ప్రతి సంగతీ నాకు చివర చెప్పేవాళ్ళు. జిల్లాలో ట్రైనింగుంటే ఆ సర్క్యులర్ తేదీ అయిపోయాక నా సంతకానికొచ్చేది. స్టాఫ్ మీటింగ్ అంటే నేను తరగతిలో ఉండగా జరిగిపోయేది. మినిట్స్ పుస్తకం సాయంత్రం నా ముందు పెట్టి, "ఇక్కడ ఒక సంతకం కొట్టండి మేష్టారూ" అనేవాళ్ళు. ఎం.ఎ. పరీక్ష రాసుకోటానికి పర్మిషన్ కోసం పెట్టుకున్న అర్జీ నాలుగు నెలలు సొరుగులోనే పడుంది. అడిగితే, "అయ్యో, పంపలేదా! మరిచిపోయామండీ" అని నవ్వు. మరిచిపోయినవాణ్ణి ఏ చట్టం కింద పట్టుకుంటావు?

అప్పుడు నాకు జాషువా 'గబ్బిలం' వేరే రకంగా అర్థమయింది. 1941 నాటి కావ్యం. మనం దాన్ని కన్నీళ్ళ కావ్యంగా చదువుకున్నాం, సభల్లో పాడుకున్నాం. తంజావూరు అరుంధతీయుడు కాశీ విశ్వేశ్వరుడికి కబురు పంపాలి. గుళ్ళోకి తనకి ప్రవేశం లేదు. గబ్బిలానికుంది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, 'త్రూ ప్రాపర్ చానల్' మూసేసినప్పుడు పెట్టుకున్న అర్జీ అది. టీచరు పెట్టుకునే ప్రతి కాయితమూ హెడ్మాస్టరు ద్వారానే పోవాలి. ఆ ద్వారం దగ్గర కూర్చున్నవాడికి నిన్ను కొట్టాల్సిన పని లేదు, కాయితాన్ని కూర్చోబెడితే చాలు. జాషువా కూడా మేష్టరుగా పనిచేసినవాడే. గుడి గడప గురించి రాసేటప్పుడు ఆయన మనసులో బడి గడప కూడా ఉండి ఉంటదని నాకెందుకో అనిపిస్తది. ఇది నా ఊహే. కానీ ఈ కావ్యం మీద రాసిన పండితుల్లో ఎంతమంది దీన్ని దూతకావ్యమా కాదా అనే లెక్క దగ్గరే ఆగిపోయారో చూడండి. దూత ఎందుకు అవసరమయిందో అడిగిన వాళ్ళకంటే, దూత మేఘమా పక్షా అని తేల్చినవాళ్ళు ఎక్కువ.

2018లో నాకు ప్రమోషనొచ్చింది. స్కూల్ అసిస్టెంటుగా ఒక ప్రాథమికోన్నత పాఠశాలకేశారు. వేరే ఊరు. అక్కడ స్కూల్ అసిస్టెంట్లలో నాకన్నా సీనియరు బదిలీ అయ్యి వెళ్ళిపోవడంతో ఇన్‌చార్జి హెడ్మాస్టరు బాధ్యత నా మీద పడింది. కుర్చీ వచ్చింది. తాళాలు రాలేదు. బీరువా తాళాలు, క్యాష్ బుక్కు, సర్వీసు రిజిస్టర్లు పెట్టిన ఇనప్పెట్టె తాళం అన్నీ అప్పటిదాకా చూసుకున్న ఒక మేష్టరు దగ్గరుండిపోయినయ్. ఆ ఊరి పెద్ద కుటుంబానికి వియ్యపోడు ఆయన. "ఇంటి దగ్గర మర్చిపోయా సారూ", "మావాడు ఎక్కడో పెట్టాడు సారూ", "రేపు." పందొమ్మిది రోజులు. పందొమ్మిది రోజులూ నేను గుండ్రటి వెనకభాగమున్న ఆ టేకు కుర్చీలో కూర్చుని, చాక్‌పీసు డబ్బా కావాలన్నా ఆయన్ని అడిగాను. పిల్లలకి కూడా తెలిసిపోయింది. టీసీ కావాలంటే ఆయన దగ్గరకే పోయేవాళ్ళు. ఆయన రాసి నా దగ్గరకి పంపేవాడు, నేను సంతకం పెట్టేవాణ్ణి. పాలేరుతనం ఎట్లా మారుతదో చూడండి. మా నాయన ఆసామి పొలంలో అరక తోలాడు. నేను ఆసామి వియ్యపోడి కాయితాల మీద సంతకం తోలాను.

ఇరవయ్యో రోజు తాళాలు ఎట్లా వచ్చాయో చెప్పాలి, ఎందుకంటే పనికొస్తది. కోప్పడితే రాలేదు. ఒక కాయితం మీద, "ఫలానా తేదీ నుంచి చార్జి తీసుకున్నాను, ఈ కింది రిజిస్టర్లు నాకు అందలేదు, అవి అందేవరకు వాటి బాధ్యత నాది కాదు" అని రాసి, ఒక కాపీ ఆయనకి, ఒక కాపీ మండల విద్యాధికారి ఆఫీసుకి ఇచ్చి, ఆఫీసు కాపీ మీద స్టాంపు వేయించుకున్నాను. అంతే. సాయంత్రానికి తాళాలు బల్లమీదున్నాయి. ఈ ఉపాయం చెప్పింది మా యూనియన్ నాయకుడు కాదు. రిటైరైన ఒక గుమాస్తా. బీసీ. చాకలి. ఆయన తన నౌకరీ అంతా ఇట్లాంటి కాయితాలతోనే బతికాడంట. "నోటితో అడిగితే నీ కులం వినపడతది నాయనా, కాయితంతో అడిగితే నీ హోదా వినపడతది" అన్నాడు.

ఇక నా తప్పు చెప్పాలి. దీని కోసమే ఇంతసేపు చుట్టూ తిరిగాను.

ఆ బళ్ళో ఎనభై తొమ్మిది మంది పిల్లలు. 26 నుంచి 100 దాకా పిల్లలుంటే మధ్యాహ్న భోజనానికి ఇద్దరు వంటవాళ్ళు. అప్పటికి ఒక్కొక్కరికి నెలకి వెయ్యి రూపాయలు. అవి కూడా నాలుగైదు నెలలకోసారి. ఒకామె ఊళ్ళో మనిషి. ఒకామె మాదిగపల్లె మనిషి. అరవైకి దగ్గర. నేను పెద్దమ్మా అనేవాణ్ణి. ఆమె నలుగురిలో సారూ అనేది, ఎవరూ లేకపోతే నాయనా అనేది. పొయ్యి దగ్గర పెద్దమ్మ ఉన్న రోజుల్లో ఊరి పిల్లలు కొందరు ఇంటి నుంచి క్యారియర్లు తెచ్చుకునేవాళ్ళు. ఒకరోజు నలుగురు పెద్దమనుషులొచ్చారు. నాకు దండం పెట్టారు. కుర్చీలేస్తే, "మీరు కూర్చోండి సారూ" అన్నారు. "మీరొచ్చాక బడి బాగుపడింది. పిల్లలందరూ ఇక్కడే తినాలని మా కోరిక. ఆ ముసలామెని మానిపించమని మేమనం, పాపం. కూరగాయలు తరగటం, అంట్లు తోమటం ఆమె చూసుకుంటది. పొయ్యి దగ్గర రెండో ఆమెని ఉంచండి. మీరు అందరివాడు కాబట్టి అడుగుతున్నాం."

అందరివాడు! ఆ ఒక్క మాటకి నేను అమ్ముడుపోయాను. పదేళ్ళ నుంచి ఎదురుచూస్తున్న మాట అది. చిన్నప్పుడు ఎవరికీ కాకుండా పెరిగినవాడికి ఆ మాట ఎంత తియ్యగా ఉంటదో అనుభవించినవాడికే తెలుసు. నేను ఒక్క కాయితం కూడా రాయలేదు. నోటితోనే చెప్పాను. తాళాలు నాకివ్వకుండా వియ్యపోడు వాడిన పద్ధతే నేనూ వాడాను, ఆధారం లేకుండా. "పెద్దమ్మా, నీకు మోకాళ్ళ నొప్పులు కదా, పొయ్యి దగ్గర నిలబడలేవు, కూర్చుని చేసే పని చూసుకో" అన్నాను. ఆమె నా మొహం వంక చూసి, "నాకు మోకాళ్ళ నొప్పులని వాళ్ళెప్పుడు చెప్పారు నాయనా నీకు?" అంది. మర్నాటి నుంచి పంపు దగ్గర కూర్చుంది. క్యారియర్లు ఆగిపోయినయ్. తనిఖీకొచ్చిన ఆఫీసరు, నూటికి నూరు మంది భోజనం చేస్తున్నారని రిమార్కుల పుస్తకంలో మెచ్చుకుని రాశాడు. ఆ పేజీ నేను చాలాసార్లు తిరగేసి చూసుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి వణుకుతున్నది గానీ, అప్పుడు వణకలేదు.

నా కన్నా ముందు ఆ కుర్చీలో అగ్రకులం మేష్టరున్నన్నాళ్ళూ ఆమె పొయ్యి దగ్గరే ఉంది. నేను రాబట్టే ఆమెని కదల్చగలిగారు. దీన్ని ఏ సాహిత్య సూత్రంతో వివరించాలి?

2020లో బళ్ళు మూతబడ్డప్పుడు ఇంట్లో కూర్చుని అంబేడ్కర్ని మళ్ళీ చదివాను. చదివాననటం తేలిక. ఏప్రిల్ 14న దండలేసి, ఉపన్యాసానికి కావాల్సినంత మాత్రమే అంతకుముందు చదివాను. 1917లో ఆయన కొలంబియాలోనూ లండన్లోనూ చదువుకుని బరోడా సంస్థానంలో ఆఫీసరుగా చేరాడు. బంట్రోతులు ఫైళ్ళు దూరం నుంచి విసిరేసేవాళ్ళు. ఉండటానికి ఇల్లు దొరక్క పార్శీ సత్రంలో పార్శీ పేరుతో తలదాచుకుంటే, పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి గెంటేశారు. రైలు వేళ దాకా పార్కులో కూర్చున్నాడు. ఇదంతా మనకి తెలిసిన కథే. మనం సాధారణంగా ఇక్కడ కళ్ళు తుడుచుకుని పుస్తకం మూస్తాం. నేను కూడా అంతే.

కానీ పాతికేళ్ళ తర్వాతది చూడండి. 1942లో అదే మనిషి వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరు. ఆ అక్టోబరులోనే షెడ్యూల్డు కులాల ఇబ్బందుల మీద పెద్ద మెమొరాండం రాసి వైస్రాయి బల్ల మీద పెట్టాడు. 1943లో కేంద్ర ఉద్యోగాల్లో మనవాళ్ళకి ఎనిమిదింపావు శాతం పైచిలుకు, అంటే పన్నెండో వంతు, ఉత్తర్వుల్లోకొచ్చింది. 1946లో అది పన్నెండున్నర అయింది. బరోడాలోనూ కుర్చీ ఉంది, ఢిల్లీలోనూ కుర్చీ ఉంది. మరి తేడా ఎక్కడుంది? కుర్చీ పెద్దదవటం ఒక కారణం, కాదనను. నాకు కనిపించింది వేరే. బరోడాలో ఆయన ఒంటరి. ఢిల్లీకి పోయేనాటికి ఆయన వెనక 1927 మహద్ చెరువుంది, అక్కడ నీళ్ళు తాగిన జనముంది, ఆ 1942లోనే పుట్టిన షెడ్యూల్డు కులాల ఫెడరేషనుంది. ఆయన్ని మళ్ళీ సత్రంలోంచి గెంటేస్తే అడిగేవాళ్ళు బయట ఉన్నారు. నా కుర్చీ వెనక ఎవరున్నారు? తనిఖీ ఆఫీసరు రాసిన రిమార్కు ఉంది. పెద్దమనుషుల దండం ఉంది.

ఇంకో సంగతి. 1960లలో పూనాలో రక్షణ శాఖ లేబొరేటరీలో అంబేడ్కర్ జయంతి, బుద్ధ జయంతి సెలవులు తీసేశారు. దాన్ని అడిగినవాడు నాలుగో తరగతి ఉద్యోగి దీనాభానా, ఊడ్చే కులంలో పుట్టినవాడు. ఉద్యోగం మీదకొచ్చింది. అక్కడే సైన్సు ఉద్యోగంలో ఉన్న కాన్షీరాం, ఖాపర్డే ఆయన పక్కన నిలబడ్డారు. కోర్టుకి పోయారు, ఉద్యోగమూ సెలవులూ రెండూ వెనక్కి తెచ్చుకున్నారు. 1978 డిసెంబరు 6న బామ్‌సెఫ్ పుట్టటానికి మొదలు అక్కడుంది. మన యూనియన్ మీటింగుల్లో ఈ కథ చెప్పేటప్పుడు కాన్షీరాం గొప్పతనంగా చెప్తారు. నేను చెప్పాల్సొస్తే దీనాభానాతో మొదలుపెడతాను. అసలు కుర్చీయే లేనివాడు ఆయన. ఆయన అడిగిన మాట విని ఆఫీసరు కులాసాని వదులుకున్నారు కాబట్టే మిగతా ఇద్దరూ మనకి తెలిశారు. నాకు పంపు దగ్గర కూర్చుని అంట్లు తోముతూ ఒక దీనాభానా ప్రశ్న వేసింది. మోకాళ్ళ నొప్పులని నీకెవరు చెప్పారని. నేను రిమార్కుల పుస్తకం తిరగేశాను.

1982లో, పూనా ఒడంబడికకి యాభై ఏళ్ళు నిండినప్పుడు, కాన్షీరాం 'చంచాల యుగం' రాశాడు. అందులో ఆయన దెబ్బ ప్రధానంగా రాజకీయ నాయకుల మీద. మన ఉద్యోగులు ఆ పుస్తకం చదివి ఎమ్మెల్యేలని తిట్టుకుంటారు. మంచి కాలక్షేపం. స్టాఫ్‌రూం చంచా మీద అంత నిక్కచ్చి పుస్తకం మనం రాసుకోవాల్సే ఉంది. వాడెట్లా ఉంటాడో నాకు బాగా తెలుసు. వాడు చెడ్డవాడు కాదు. పల్లెకి డబ్బు పంపుతాడు, జయంతికి చందా రాస్తాడు, టౌన్లో ఇల్లు అద్దెకి దొరకటానికి ఇంటిపేరు నములుతాడు, "అందరివాడు" అనిపించుకోటానికి తన వాళ్ళ దగ్గర మాత్రమే రూల్సు పాటిస్తాడు. మాదిగ పిల్లాడు ఆలస్యమైతే బయట నిలబెడతాడు, సర్పంచి మనవడైతే, "రా బాబూ" అంటాడు. దీనికి వాడు పెట్టుకునే పేరు నిష్పక్షపాతం. 1956 మార్చిలో ఆగ్రా సభలో, చదువుకున్నవాళ్ళే తనని మోసం చేశారని అంబేడ్కర్ బాధపడ్డాడని ప్రతి మీటింగులోనూ చెప్పుకుంటాం. చెప్పుకుని భోజనాలకి లేస్తాం. తిట్టించుకోవటం కూడా ఒక ఆచారమయిపోయింది మనకి.

ఇంకొకటి మన మగ రచయితలు ఒప్పుకోని సంగతి. ఆ బళ్ళోనే ఒక మాల మేడం ఉండేది. నాకన్నా ముందు నుంచీ. నా పందొమ్మిది రోజుల తాళాల కథ ఆమెకి చెప్తే నవ్వింది. "నాకు పదకొండేళ్ళ నుంచీ బాత్రూం తాళం కూడా అడిగి తీసుకోవాల్సిందే తమ్ముడూ, ఏ రోజైనా అడిగావా?" అంది. అడగలేదు. ఆ తాళం కూడా నేను గెలుచుకున్న గుత్తిలోనే ఉంది. బళ్ళో ఊడ్చే ఆయాని నేను ఒక్కనాడూ కూర్చోమనలేదు. ఆయా కూడా మా కులమే.

2021 ఆగస్టులో బళ్ళు మళ్ళీ తెరిచారు. సెప్టెంబరులో కమిటీ ఎన్నికలన్నారు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ చదివి చూశాను. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులుండాలి. సగం మంది ఆడవాళ్ళుండాలి. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకి వాళ్ళ లెక్కకి తగ్గ చోటుండాలి. అప్పటిదాకా మా బళ్ళో కమిటీ అంటే చైర్మన్ ఇంటికి మినిట్స్ పుస్తకం పంపించటమే. సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న ఇచ్చిన ఉత్తర్వు కూడా సంపాదించాను. బడి వంటవాళ్ళ నియామకంలో దళితులకి, ఎస్సీ ఎస్టీలకి ప్రాధాన్యమివ్వాలని అందులో ఉంది. పదిహేడేళ్ళ నుంచి ఉన్న కాయితం. నేను ఆ కుర్చీలో మూడేళ్ళు కూర్చుని చూడలేదు.

ఎన్నికకి ముందు మూడు రాత్రులు పల్లెకి పోయాను. ఆ ఊళ్ళో ఉద్యోగం చేసిన మూడేళ్ళలో పల్లెలో అడుగుపెట్టటం అదే మొదలు. ఇది రాయటానికి నాకు సిగ్గుగా ఉంది గానీ, చదివే మేష్టర్లు ఎవరికి వాళ్ళు లెక్కేసుకోండి. మొదటి రాత్రి ఎవరూ మాట్లాడలేదు. ఒక ఆమె మాత్రం, "పంపు దగ్గర కూర్చోబెట్టిన సారువి నువ్వే కదా?" అంది. అవునన్నాను. రెండో రాత్రి నేను చట్టం చదివాను, వాళ్ళు పనుల గురించి అడిగారు. ఎన్నిక పగలు పెడితే కూలి పోద్ది అన్నారు. ముందే తెలిస్తే ఆ పూటకి పని మానుకుని వస్తామన్నారు. నా మీద ఎంత కోపమున్నా, ముందు చెప్పటమే వాళ్ళడిగింది. నాకు బళ్ళో ఎవరూ ముందు చెప్పకపోవటం గుర్తొచ్చింది. నేను కూడా పల్లెకి అన్నీ చివరే చెప్పాను కదా.

ఎన్నిక రోజు పల్లె నుంచి నలభై మందికి పైగా వచ్చారు. కమిటీలో పల్లె తల్లులు తమ లెక్కకి తగ్గట్టు వచ్చారు. మొదటి సమావేశంలోనే వంట సంగతి పెట్టారు. ఇద్దరూ వారం వారం మార్చి పొయ్యి దగ్గర ఉండాలని తీర్మానం. ఊరి సభ్యులు ఇద్దరు సంతకం పెట్టలేదు. "పెట్టలేదు" అని కూడా మినిట్స్‌లో రాశాను. పెద్దమనుషులు మళ్ళీ వచ్చారు. ఈసారి దండం లేదు. "మీరు అందరివాడనుకున్నాం" అన్నారు. తీర్మానం చూపించాను. "కమిటీది సార్, నాది కాదు" అన్నాను. గొంతు కొంచెం వణికింది.

అంతా సుఖాంతమైందని కాదు. పదకొండు మంది పిల్లలు ప్రైవేటు స్కూలు వ్యాను ఎక్కారు. నా మీద రాతపూర్వకంగా ఫిర్యాదు పోయింది. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని మెమో వచ్చింది. సంజాయిషీకి ఉత్తర్వు కాపీ, తీర్మానం కాపీ జతచేశాను. ఆ తర్వాత అటునుంచి ఏ జవాబూ రాలేదు. మెమో ఎత్తేశారనీ చెప్పలేదు, ఉందనీ చెప్పలేదు. ఎనిమిది నెలలు అట్లాగే వేలాడింది. స్టాఫ్‌రూంలో నా పక్క కుర్చీ ఖాళీగా ఉండేది. మాల మేడమూ, ఒక బీసీ మేష్టరూ పెద్దమ్మ వండిన వారం పిల్లలతో పాటు వరసలో కూర్చుని తినేవాళ్ళు. బాత్రూం తాళం మేడం చేతికిచ్చాను. ఇచ్చినందుకు ఆమె థాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు.

2023 బదిలీల్లో నేను ఆ బడి వదిలాను. చార్జి లిస్టు నేనే రాశాను. బీరువాలు రెండు, కుర్చీలు పద్నాలుగు, తాళాలు తొమ్మిది, మినిట్స్ పుస్తకాలు మూడు. కొత్తగా వచ్చే ఆయన పుస్తకం ఎక్కడ పెడతాడో తెలియదు కాబట్టి, తీర్మానం పేజీ జిరాక్సులు తీయించి పల్లెలో కమిటీ సభ్యులకి తలా ఒకటి ఇచ్చాను. పెద్దమ్మకి ఒకటి ఇచ్చాను. ఆమెకి చదవటం రాదు. మనవరాలు అయిదో తరగతి. అరుగు మీద కూర్చోబెట్టి రెండుసార్లు చదివించుకుని వింది. తర్వాత నన్ను పిలిచి, "ఇంటిపేరు తప్పు రాశావు నాయనా. అది మా పుట్టింటి వాళ్ళది కాదు, మెట్టినింటిదీ కాదు. ఊళ్ళో వాళ్ళు మమ్మల్ని పిలిచే పేరు. దిద్దు" అంది. రెండేళ్ళు రోజూ చూసిన మనిషి ఇంటిపేరు నేను ఆమెని అడగలేదు, పాత రిజిస్టర్లోంచి ఎత్తి రాశాను. మళ్ళీ బడికి పోయి, అప్పగించిన బీరువా తాళం అడిగి తీసుకుని, మినిట్స్ పుస్తకంలో ఆ ఇంటిపేరు కొట్టేసి, పైన ఆమె చెప్పింది రాసి, కొట్టివేత దగ్గర చిన్న సంతకం పెట్టాను. జిరాక్సు మళ్ళీ తీయించాను. ఆమె దాన్ని మనవరాలితో ఇంకోసారి చదివించుకుని, రేషన్ కార్డున్న ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది.